ఆగం అన్న మాట

మా పత్రిక చివరి పేజీ అడుగున, ఎవరూ చదవని చోట, ఒక గీత కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉండేది. అచ్చు ఎక్కడ వేశారు, ప్రచురణకర్త ఎవరు, సంపాదకుడు ఎవరు అని. చట్టం ప్రకారం అది ఉండి తీరాలి. 2005లో ఒక గురువారం మధ్యాహ్నం ఆ వాక్యంలో ‘సంపాదకుడు’ తీసేసి ‘సంపాదకురాలు’ అని కొట్టింది నేనే. ఒక్క అక్షరం పెరిగేసరికి పేరు కాస్తా రెండో వరుసలోకి జారిపోయింది. అక్షరాల సైజు తగ్గించి ఎలాగో ఇరికించాను. హైదరాబాద్‌కు తూర్పున ఉప్పల్, నాచారం, నాగోల్ వైపు ఒక పత్రికకు ఆడమనిషి ఎడిటర్ కావడం అదే మొదలని ఆ రోజు మాలో ఎవరికీ తోచలేదు. వరుసలో పట్టిందా లేదా అన్నదే నా గొడవ.

నా పేరు భూషణం. ‘తూర్పు వాకిలి’ అనే వారపత్రికలో కంప్యూటర్ మీద పేజీలు పెట్టేవాణ్ని. పుట్టింది, పెరిగింది ఉప్పల్‌లోనే. ఆ సంపాదకురాలు సత్యవేణి గారి గురించి నాలుగు మాటలు రాయమని పత్రికవాళ్లు అడిగారు. పొగడమని వాళ్ల ఉద్దేశం. నాకు పొగడటం చేతకాదు. పైగా ఆవిడ విషయంలో ఎవరిది తప్పో, ఎవరిది ఒప్పో నాకు ఇన్నేళ్లయినా తేలలేదు. తేలనిదే రాస్తున్నాను, ఏమనుకున్నా సరే.

పత్రిక పెట్టింది విశ్వనాథం గారు. కాకినాడ వైపు మనిషి. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా రిటైరై, ఊరికే కూర్చోలేక, ఉప్పల్ బస్ డిపో దగ్గర మందుల దుకాణం మీద ఒక గది తీసుకుని దీన్ని మొదలుపెట్టారు. మరుసటి ఏడు సత్యవేణి గారు ప్రూఫులు దిద్దడానికి వచ్చారు. ఆవిడది తెనాలి. తండ్రి ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడట. సీసపు అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి కదా, బడిలో చేరకముందే వాటిని గడగడా చదివేదాన్నని ఆవిడ చెప్పేవారు. భర్త గోపాలరావు గారికి రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. నాచారంలో కాపురం.

తప్పు కనిపిస్తే ఆవిడకు అన్నం సహించదు. పెళ్లి శుభలేఖ చేతికిస్తే ముందు ఎర్ర పెన్ను తీసి దిద్ది, ఆ తర్వాత ఎవరి పెళ్లి అని అడిగే రకం. నా మీద రోజుకు నాలుగుసార్లు కోప్పడేవారు. నాకూ ఒళ్లు మండేది. అయినా ఆవిడ దిద్దిన పేజీలో ఒక్క ఒత్తు కూడా పోయేది కాదు, అందుకని నోరు మూసుకునేవాణ్ని.

విశ్వనాథం గారికి పక్షవాతం వచ్చినప్పుడు, రెండు వారాలు నువ్వే చూడమ్మా అన్నారు. ఆ రెండు వారాలు ఎన్నేళ్లయ్యాయో మీరే లెక్క వేసుకోండి. మొదట్లో వచ్చినవాళ్లు ఆవిణ్ని దాటుకుని నా దగ్గరికి వచ్చి, ఎడిటర్ సాబ్ లేడా అని అడిగేవాళ్లు. నేను ఆవిడ వైపు చెయ్యి చూపించేవాణ్ని. సరేనని తలూపి, కుర్చీలో కూర్చుని, వార్త మాత్రం నాకే చెప్పేవాళ్లు. ఆవిడ పక్క బల్ల దగ్గర్నుంచి వింటూ రాసుకునేవారు. అలా ఏడాది నడిచింది.

పెద్ద పేపర్లకు పట్టని సంగతులే ఆవిడకు కావాలి. స్టేడియంలో క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు ఎవరు గెలిచారన్నది ఆవిడకు అక్కర్లేదు. బయట ట్రాఫిక్‌లో అంబులెన్సు ఎంతసేపు నిలబడిపోయిందో రాసుకురమ్మనేవారు. గాలి తిరిగినప్పుడు జవహర్‌నగర్ చెత్త కంపు ఏయే కాలనీల దాకా వస్తోందో ఒక వర్షాకాలమంతా వారం వారం వేశారు. మెల్లగా జనానికి అలవాటైంది. ఎడిటరమ్మ అని పిలవడం మొదలుపెట్టారు.

ఇక భాష సంగతి. మా విలేఖరి బిక్షపతి నాచారం వాడు. జనం ఎట్లా మాట్లాడితే అట్లాగే రాసుకొచ్చేవాడు. దాన్ని ఆవిడ పుస్తకాల తెలుగులోకి దిద్దేవారు. ‘వచ్చిండు’ అని ఉంటే ‘వచ్చాడు’ అయ్యేది. ఒకసారి ఎవరి ఇంట్లోనో ‘అవ్వ’ పోయిందని బిక్షపతి రాస్తే, ఆవిడ దాన్ని ‘నాయనమ్మ’ అని వేశారు. మా దిక్కు అవ్వ అంటే అమ్మ. ఆ ఇంటి పెద్దమనిషి పేపర్ పట్టుకుని వచ్చి, మా అవ్వను మళ్లా సంపిన్రు అని ఏడ్చాడు. ఆవిడకు ముఖం చెల్లలేదు. అప్పట్నుంచి తెలియని మాట వస్తే చాలు, నన్ను పిలిచి అడిగేవారు. తొవ్వ అంటే ఏంటండీ, మొగులంటే ఏంటండీ, సోయి అంటే ఏంటండీ. తొవ్వంటే దారి, మొగులంటే మబ్బు, సోయి అంటే స్పృహ అని నేను చెప్పేవాణ్ని. తెలియని మాటతో మాకు ఇంకెప్పుడూ ఇబ్బంది రాలేదు. వచ్చిందల్లా తెలిసిన మాటతో.

2011 ఆగస్టులో నాచారం పారిశ్రామికవాడలో ఒక కంపెనీకి తాళం పడింది. మందు సీసాలకు మూతలు చేసే కంపెనీ. అందరూ మూతల కంపెనీ అనేవాళ్లు. పొద్దున డ్యూటీకి వచ్చిన ఆడవాళ్లు గేటు ముందు కూలబడ్డారు. వాళ్లలో కాస్త ధైర్యంగా నోరు విప్పేది అండాలు. పదకొండేళ్లుగా అక్కడే పని, మొగుడు మంచం మీద ఉన్నాడు. బిక్షపతి ఆమె మాటల్ని పొల్లు పోకుండా రాసుకొచ్చాడు. ఆమె అన్నది ఇది: “కంపెనీ బందైతే మేం ఆగం. మా పోరగాళ్లు ఆగం. మా ముసలోళ్లు ఆగం.”

తెలంగాణలో ఆగం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. దిక్కులేకుండా పోవడం, బతుకు చెదిరిపోవడం. కానీ తెనాలిలో ‘మేం ఆగం’ అంటే మేము ఆగము, ఆపినా నిలబడము అని. సత్యవేణి గారు ఎర్ర పెన్ను తీశారు. ‘కంపెనీ బందైతే ఆగం’ అన్నది ఆవిడకు అతకలేదు. ‘కంపెనీ మూసేసినా ఆగం’ అని మార్చారు. ‘పోరగాళ్లు ఆగం’లో కర్తకూ క్రియకూ పొత్తు కుదరలేదు. ‘మా పిల్లలు ఆగరు, మా పెద్దలూ ఆగరు’ అని దిద్దారు. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో శీర్షిక: ‘మేం ఆగం’. దాని కింద, ‘మూతల కంపెనీ మహిళల హెచ్చరిక’.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. ఆ పేజీ పెట్టింది నేను. బిక్షపతి రాసిన కాగితం, ఆవిడ దిద్దిన దిద్దుబాటు రెండూ నా కళ్ల ముందే ఉన్నాయి. ఏడుపు హెచ్చరికగా మారిందని నాకు తెలిసింది. తెలిసి, మేడం కావాలనే అట్లా తిప్పారనుకున్నాను. అవి తెలంగాణ ఉద్యమం రోజులు, ఆవిడ ఆంధ్రావిడ, ఒక మంచి నినాదం తీసి జనం మనసు గెలుచుకుంటున్నారు కాబోలు, ఎడిటర్ల తెలివి మనకెందుకులే అనుకున్నాను. బిక్షపతి కూడా అంతే అనుకున్నాడట. వాడైతే తన వార్త మొదటి పేజీలో పడిందని తెగ మురిసిపోయాడు. అడగడానికి ఎంతసేపు పట్టేది? అడగలేదు.

శనివారం పేపర్ బయటికి వెళ్లింది. ఆదివారానికల్లా ఉప్పల్ బస్‌స్టాపు గోడల మీద మా మొదటి పేజీ అంటించి ఉంది. ఉద్యమం కుర్రాళ్లు ఆ రెండు మాటల్ని అట్టల మీద రాసుకుని ఊరేగారు. సెప్టెంబర్‌లో సకల జనుల సమ్మె మొదలయ్యాక రింగురోడ్డు దగ్గర దీక్షా శిబిరం వేస్తే, దానికి వెనక కట్టిన గుడ్డ మీద కూడా అదే మాట. ఆవిణ్ని వేదిక ఎక్కించి శాలువా కప్పారు. ఆంధ్రల పుట్టినా మా అక్క అని మైకులో చెప్పారు. నాలుగు మాటలు మాట్లాడమంటే ఆవిడ మైకు పట్టుకుని చుట్టూ చూశారు. చివరికి, మేం ఆగం అన్నారు. చప్పట్లు మోగాయి. నేను కూడా కొట్టాను. దేనికి కొడుతున్నానో నాకే తెలియలేదు. ఆ మాటను ఆవిడ ఏ అర్థంలో అన్నారో, జనం ఏ అర్థంలో విన్నారో, ఎవరి మాటను ఎవరు మెచ్చుకుంటున్నారో, అంతా కలగాపులగంగా అనిపించింది.

ఆ ఏడాదంతా ఆవిడా ఒక అయోమయంలోనే ఉన్నారు. పాలవాడి దగ్గర, కూరల బండి దగ్గర నోరు తెరిస్తే యాస బయటపడుతుందని మూగగా వేలు చూపించి కొనేవారట. గోపాలరావు గారు బెజవాడకు బదిలీ పెట్టుకుందామని గొడవ. ఇటువంటి సమయంలో శాలువా. ఇంటికి తీసుకెళ్లి కుర్చీ వెనక వేసుకున్నారని, రోజూ ఒకసారి చేత్తో తాకి చూస్తున్నారని గోపాలరావు గారే నవ్వుతూ చెప్పారు. ఈ ఊరు నన్ను ఉండమంది అనుకున్నారు పాపం.

శాలువా కప్పిన మరుసటి సోమవారం పొద్దున అండాలు మా గదికి వచ్చింది. చేతిలో మా పేపర్, నాలుగు మడతలు. మెట్లెక్కిన ఆయాసం తగ్గకముందే, ఎడిటరమ్మ నువ్వేనా అని అడిగింది. అవునని కుర్చీ చూపించారు. కూర్చోలేదు. మూతల కంపెనీ తెరిచారని, అందరినీ తీసుకుని ఎనిమిది మందిని మాత్రం గేటు బయటే ఆపేశారని, అందులో మొదటి పేరు తనదేనని చెప్పింది. ఎందుకని అడిగితే మేనేజర్ ఈ పేపర్ చూపించాడట. యాజమాన్యాన్ని బెదిరించినవాళ్లను పనిలో పెట్టుకునేది లేదన్నాడట. శుక్రవారం కార్మిక శాఖ అధికారి ముందు విచారణ. అక్కడ కూడా ఇదే కాగితం పెడతారు.

“నా బిడ్డ సదివి చెప్పింది. నేనట్ల అనలేదు గదమ్మా” అంది అండాలు. “అది నేను ఏడ్సిన మాట. నువ్వు దాన్ని బెదిరిచ్చిన మాట జేసినవ్.”

సత్యవేణి గారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. మీరు ఆగం అన్నారు కదా, మేం అదే వేశాం కదా అన్నారు. అవును ఆగమే అన్న అంది అండాలు. మరి అదే వేశాం అన్నారు ఈవిడ. ఇద్దరూ ఒకే మాట అటూ ఇటూ అనుకుంటూ, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. చివరికి ఆవిడ నా వైపు తిరిగి, “ఆగం అంటే ఏంటండీ, భూషణం గారూ?” అని అడిగారు. ఇన్నేళ్లలో ఆవిడ నన్ను అడిగిన మాటలన్నిట్లోకీ చెప్పడానికి నాకు కష్టమైంది అదొక్కటే. చెప్పాను. ఆవిడ బల్ల మీది పేపర్ తీసి, తను దిద్దిన మూడు వాక్యాల్ని మళ్లీ మళ్లీ చదివారు. తర్వాత, మీకు ముందే తెలుసా అని అడిగారు. కావాలనే మార్చారనుకున్నానని గొణిగాను. కోప్పడతారనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది.

ఆ మధ్యాహ్నమే విశ్వనాథం గారింటికి వెళ్లాం. సవరణ వేస్తానని ఆవిడ చెప్పారు. ఆయన సగం నోటితోనే గట్టిగా కాదన్నారు. నిన్న శాలువా కప్పినవాళ్లే రేపు ఏమంటారో ఆలోచించమన్నారు. ఇక్కడి మాట తెలియని ఆంధ్రా ఎడిటరని మనమే మొదటి పేజీలో చెప్పుకుంటే పత్రిక బతుకుతుందా అన్నారు. అండాలును వేరే ఎక్కడైనా పనిలో పెట్టిద్దాం, ఈ గొడవ కదపొద్దన్నారు. ఆయనన్నదాంట్లో అబద్ధం లేదు. నాకూ అదే మంచిదనిపించింది. ఆవిడ మాత్రం ఒకటే అడిగారు. తప్పు పేజీలో ఉంటే, మనిషికి ఇంకెక్కడో పని ఇప్పించి ఎలా దిద్దుతామండీ అని.

గురువారం ఆవిడ చెబుతుంటే నేను కొట్టాను. శీర్షిక ఎంత సైజులో పడిందో సవరణకూ అంతే సైజు పెట్టమన్నారు. ‘మేం ఆగం అంటూ ఈ పత్రికలో వచ్చిన వార్త తప్పు. అండాలు తమ బతుకులు ఆగమవుతాయని బాధపడింది. ఎవరినీ హెచ్చరించలేదు. ఆమె మాట సంపాదకురాలికి అర్థం కాలేదు. అర్థమైందనుకుని దిద్దింది.’ అంతే. కింద పేరు.

శుక్రవారం ఆ పేజీ ప్రూఫ్ పట్టుకుని ఆవిడ, నేను, అండాలు కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లాం. సమ్మె వల్ల కుర్చీలు సగం ఖాళీగా ఉన్నా ఆ అధికారి మాత్రం వచ్చాడు. కంపెనీ తరఫు మనిషి ఆ కాగితం చూసి నవ్వాడు. భయపెట్టి రాయించారన్నాడు. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో పత్రిక నడిపే మనిషికి ఆగం తెలియదంటే ఎవరు నమ్ముతారన్నాడు. అది విని అధికారి కూడా అనుమానంగా చూశాడు. వరంగల్ వైపు మనిషిలా ఉన్నాడు.

“ఆరేండ్ల సంది ఎడిటర్ అంటున్రు. గీ మాట ఎర్కలేదా మేడం?” అని అడిగాడు.

“లేదండి. అక్షరాలన్నీ వచ్చు. మాట తెలీదు” అన్నారు సత్యవేణి గారు. “ఇక్కడి తెలుగు నాకు రాదు.”

గదిలో పదిహేను మంది ఉంటారు. తెనాలి ప్రెస్సులో పుట్టి, అచ్చుతప్పును పగవాడిలా చూసిన మనిషి నిలబడి, నాకు తెలుగు రాదు అంటున్నారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడు నేను లేచి, అయ్యా నాకు వచ్చు, నేను చూసే ఊరుకున్నాను అని చెప్పాలి. చెబుదామనే అనుకున్నాను. కుర్చీలోంచి లేవలేదు. ఇదిగో, ఇప్పుడు రాస్తున్నాను. నా సవరణ ఇది.

అధికారి సవరణ చదివి, పాత వార్త చదివి, బిక్షపతి రాసిన అసలు కాగితం కావాలన్నాడు. ఆవిడ సంచిలోంచి తీసి ఇచ్చారు. దిద్దిన కాగితం ఆవిడ ఏదీ పారేయరు. దాని మీద ఎర్ర పెన్ను గీతలు చూశాక ఆయన ఇంకేమీ అడగలేదు. బెదిరింపు లేదని రాశాడు. సమ్మె ముగిశాక, నవంబర్‌లో, ఎనిమిది మందిలో ఏడుగురు మళ్లీ పనిలో చేరారు. ఎనిమిదో ఆమె అప్పటికే జవహర్‌నగర్‌లో చెత్త ఏరే పనికి కుదురుకుందట, కబురు పెట్టినా రాలేదు. సత్యవేణి గారు ఆ ఏడుగురి గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. ఎనిమిదో ఆమె పేరే తలుచుకునేవారు.

సవరణ పడ్డాక చాలామంది పేపర్ మానేశారు. తెలుగు రానివాళ్లకు ఎడిటర్ గిరీ ఎందుకని ఉత్తరాలొచ్చాయి. ఆవిడ వాటిలో అక్షరదోషాలు దిద్ది, వేశారు. శాలువా తిరిగిమ్మని ఎవరూ అనలేదు గానీ ఆవిడే మడతపెట్టి బీరువాలో అడుగున పెట్టేశారట. తమాషా ఏమిటంటే, మా సవరణను ఎవరూ ఏ గోడకూ అంటించలేదు. ‘మేం ఆగం’ మాత్రం ఇంకా ఏడాది దాకా గోడల మీద అట్లాగే ఉంది. తప్పు గోడ మీద బాగుంది, ఒప్పు చివరికి మా దగ్గరే మిగిలింది. దీన్నేమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత ఆఫీసులో పద్ధతి మారింది. ఎవరి మాట వేసినా, పేజీ పెట్టే ముందు ఫోన్ చేసి వాళ్లకే చదివి వినిపించాలి. ‘గట్లనే అన్న’, నేనన్నది అదే, అని వాళ్లు ఒప్పుకుంటేనే పేజీలోకి. ఫోన్ లేకపోతే బిక్షపతి సైకిల్ మోటారు వేసుకుని పోయేవాడు. పేపర్ ఆలస్యమయ్యేది, నేను విసుక్కునేవాణ్ని. ‘వచ్చిండు’ ఆ తర్వాత ‘వచ్చిండు’ గానే ఉండిపోయింది. మొదట్లో దాన్ని చూసినప్పుడల్లా ఆవిడ వేళ్లు పెన్ను కోసం వెతుక్కునేవి.

2014 జూన్ ఒకటి, ఆదివారం. మర్నాడు కొత్త రాష్ట్రం. ప్రత్యేక సంచిక పని మీద అందరం గదిలోనే ఉన్నాం. కింద మెట్రో స్తంభాలకు గులాబీ కాగితాలు కడుతున్నారు. గోపాలరావు గారికి మేలోనే బెజవాడ బదిలీ వచ్చింది. ఆవిడ వెళ్తున్నారో ఉంటున్నారో మాకెవరికీ చెప్పలేదు, మాకు అడిగే ధైర్యం లేదు. చివరి పేజీ అడుగున ఆ వాక్యం దగ్గరికి వచ్చి నా చెయ్యి ఆగిపోయింది. అక్కడ ఏ పేరు కొట్టాలో తెలియక ఖాళీగా ఉంచాను.

సాయంత్రం అయిదింటికి అండాలు మెట్లెక్కి వచ్చింది. మూతల కంపెనీలో షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టుంది, చీర మీద ఇంకా ప్లాస్టిక్ పొట్టు. ఈసారి మడత పేపర్ లేదు. రేపటి కోసం తన మాట ఒకటి వేసుకుంటామని బిక్షపతి ఫోన్ చేశాడట, చదివి వినిపించమంది. ఆవిడే చదివారు. గట్లనే అన్న అంది అండాలు. తర్వాత కదలకుండా నిలబడి, అడగాలా వద్దా అన్నట్టు చీర కొంగు సర్దుకుంది.

“పోతున్రట గదమ్మా” అంది.

సత్యవేణి గారు పెన్ను మూత పెట్టారు. కిటికీలోంచి కిందికి చూశారు. అలవాటు లేని మాట అనబోతున్నట్టు గొంతు సర్దుకున్నారు.

“పోతే నేను ఆగమైత, అండాలూ” అన్నారు.

అండాలు నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. నేను ఆ ఖాళీలో ఆవిడ పేరు కొట్టాను. పన్నెండేళ్లు ఆవిడ నా తప్పులు వెతికారు కదా, ఆ ఒక్క మాట వినగానే నేను కూడా తప్పు కోసం వెతికాను. దిద్దడానికి ఏమీ కనిపించలేదు.